ఆట అయిపోయినంక

ఏమయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీతో రోజూ వాలీబాల్ ఆడిన ఇంటర్ పిల్లలు సాయంత్రం ఇంటికొచ్చారు. "చిన్నమ్మా, కాక యాదిల ఆట పెట్టినం. నువ్వు రావాలె" అన్నారు.

రఘునాథపల్లి బడి వెనక కొత్త నెట్టు కట్టారు. నువ్వు నిలబడే చోటు ఖాళీగా ఉంచి, నీ జట్టు ఐదుగురే ఆడారు. అక్కడ పడ్డ బంతిని ఎవరూ అందుకోలేదు.

ఆట అయ్యాక అందరూ నేల మీద కూర్చున్నారు. వాళ్ల పక్కన నేనూ కూర్చున్నాను. నాకు మంచినీళ్లిచ్చి తలలు వంచుకున్నారే తప్ప ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆట కాగానే చెప్పులేసుకుని ఇంటికొచ్చేసేవాడివి. "జరసేపు కూసుంటే ఏమైతది?" అంటే, "ఆడేటప్పుడు దోస్తునే. ఆట అయిపోయినంక పెద్దోన్ని. నేనుంటే పోరగాండ్లు మనసుల మాట చెప్పుకోరు" అనేవాడివి.

లేచి చెప్పులేసుకున్నాను. "ఇంట్ల పనున్నది, పోతున్న" అన్నాను. ఏం పని? నీకు తెలుసుగా.

బడి గోడ దాటానో లేదో, వెనక ఒకడు బావురుమన్నాడు. ఆ వెంటనే ఇంకొకడు. కాళ్లు ఆగాయి గానీ వెనక్కి తిరగలేదు. నా ఏడుపు వాళ్ల చెవిన పడకుండా ఇంటిదాకా ఆపుకున్నాను.