కారిడార్‌లో పడవ

మే 4, ఆదివారం

పదకొండు దాటింది. శైలు ఇంకా రాలేదు. తొమ్మిదికల్లా వచ్చేస్తానంది.

పొద్దున శైలు ప్లాస్టిక్ పడవ, ఆ కయాక్, ఇద్దరమే దించాం. లిఫ్టులో పట్టదు, రెండంతస్తులూ మెట్ల మీదే. ముందు ఆమె, వెనక నేను. "నిదానంగా దిగప్పా, గోడకు తగుల్తాది." కింద చక్రాల బండి మీద పెట్టుకుని బీచ్ వైపు తోసుకుంటూ పోయింది. పదింటికి గాలి, వాన, ఉరుములు. ఫోన్ ఎత్తడం లేదు...

సాయంత్రం రాస్తున్నాను — మధ్యాహ్నం పన్నెండున్నరకి వచ్చింది. జెట్టీ అవతల ఒడ్డెక్కి కూర్చుందట వాన తగ్గేదాకా. తడిసి ముద్దై, నవ్వుతూ. "ఏమాయె ఇప్పుడు? వచ్చినా కదా."

నేనన్నది — "టిఫిన్ చల్లారిపోయింది." అంతే.

చెరువు కూడా ఎండిపోయిన అనంతపురం పల్లెలో పుట్టింది ఆమె. కాకినాడ సముద్రం పక్కన పుట్టి ఈత రానివాణ్ణి నేను. చచ్చేంత భయమేసిందని చెప్పడానికి నోరు రాలేదు.

మే 6, మంగళవారం

చేశాను.

ఆఫీసుకి బయల్దేరుతూ ఫోటో తీశాను. కారిడార్ చివర, మా గోడ పక్కన, ఫోమ్ ముక్కల మీద బోర్లించిన పడవ. ఈ దేశంలో అపార్టుమెంట్ల బాగోగులు చూసే టౌన్ కౌన్సిల్ యాప్‌లో పెట్టాను — దారికి అడ్డంగా ఉంది, తీయించండి. ఎవరు పెట్టారో బయటికి చెప్పరట.

రెండు నిమిషాలు పట్టింది. సొంత ఇంటి మీద సొంత మొగుడే ఫిర్యాదు! బస్సెక్కాక రద్దు చేద్దామని చూశాను. ఆ వీలు లేదు.

మే 15, గురువారం

నోటీసు. తలుపుకి అంటించి వెళ్ళారు. రెండు వారాల్లో తీసేయాలి.

శైలు నిలబడి రెండుసార్లు చదివింది. "మూడేండ్ల నుంచి లేని అడ్డం ఇప్పుడొచ్చిందా? ఎవురో కావాలనే ఫిర్యాదు పెట్టినారు." అంటూనే రోజీ ఆంటీ తలుపు వైపు చూసింది. ఈ చివర ఉన్నవి రెండే ఇళ్ళు — మాదీ ఆవిడదీ.

కాదనాలి కదా. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

మా చిన్ని ఒక్కతే, ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి, అంది, "ఆంటీ అట్లా చెయ్యదు లా, అమ్మా." తొమ్మిదేళ్ళ పిల్ల.

మే 17, శనివారం

కౌన్సిల్ నుంచి వచ్చినవాళ్ళు పడవ ఒక్కటే చూసి పోలేదు. కారిడార్ అంతా చూశారు. ఆంటీ పూలకుండీలకీ నోటీసు ఇచ్చారు.

ఇది నేను అనుకోలేదు. అసలు ఏం అనుకున్నాను గనక.

శైలు: "బాగైంది. ఒకరి మీద పెడితే తన మీదికే వచ్చింది."

మే 18, ఆదివారం

పడవ దించలేదు. మనసు లేదంది. దోసెలు పోసింది, నాకూ చిన్నికీ వడ్డించింది, తను తినలేదు. పగలంతా ఇంట్లోనే ఉంది. నేను కోరుకున్నది ఇదే కదా. కడుపు నిండా తిను, అని నాకు నేనే చెప్పుకున్నాను.

మే 22, గురువారం

మన దుకాణాలుండే లిటిల్ ఇండియా నుంచి శైలు కరివేపాకు కొనుక్కొచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఆంటీ కుండీలోంచి చెప్పకుండానే కోసుకునేది.

మే 25, ఆదివారం

కింద చెత్త పడేసి వస్తుంటే లిఫ్టు దగ్గర ఆంటీ. చేతిలో కుండీ. ఒక్కొక్కటిగా దించుతోంది, ఎవరెవరికో ఇచ్చేస్తోంది. అందుకున్నాను. మోశాను. ఆ మాత్రం చేయొచ్చు.

"మీ ఆవిడకి నా మీద కోపమా? హలో అంటే పలకట్లేదు. నేనేం చేశాను లా?" ఇంగ్లీషులో, మెల్లిగా.

"ఏం లేదు ఆంటీ. తనకి ఆఫీసులో పని ఎక్కువ."

నమ్మినట్టు తలూపింది. డెబ్భై దాటిన మనిషి. మొన్న ఏప్రిల్‌లో మేం ఊళ్ళో లేనప్పుడు, ఎండకి ప్లాస్టిక్ పాడైపోతుందని తన దుప్పటి తెచ్చి పడవ మీద కప్పింది కూడా ఈవిడే.

ఇవాళ శైలుకి చెప్పేయాలి.

చెప్పలేదు.

మే 28, బుధవారం

పడవ పోయింది. వ్యాను తెచ్చుకుని ఎవరో దంపతులు పట్టుకెళ్ళారు. ఊరికే ఇచ్చేసింది. "అమ్మితే ఇంకా ఏడుపొస్తాది" అంది.

ఆఖరిసారి ఇద్దరం దించాం. ముందు ఆమె, వెనక నేను. మెట్ల మలుపులో ఆగి, నా వైపు తిరక్కుండా అంది — "నీకు ఇష్టం లేకున్నా ఇన్నాళ్ళు మోసినావు. ఆ మాట ఎప్పుడూ చెప్పలే నీకు."

చేయి జారింది. పడవ చివర గోడకి గీసుకుంది.

మే 29, గురువారం

గోడ పక్కన చోటు ఖాళీ. నాలుగుసార్లు తుడిచింది అక్కడ.

భయమేసింది శైలూ, అని ఆ రోజే ఒక్క మాట అని ఉంటే! పోట్లాడేది. ఏడ్చేదేమో. లైఫ్ జాకెట్ తగిలించి నన్నూ ఎక్కించేదేమో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు బాగా వచ్చు.

జూన్ 1, ఆదివారం

పొద్దున కాఫీ ఇస్తూ అంది — "ఆంటీ గుమ్మం ముందర చెప్పుల స్టాండు ఇంకా అట్లే ఉంది చూడు. మనం కూడా ఫిర్యాదు పెడదాం. నీ ఫోన్‌లో ఆ టౌన్ కౌన్సిల్ యాప్ ఉందే, ఇట్లియ్యి."

"ఎందుకులే, పెద్దావిడ..."

"నా పడవ పోయినప్పుడు పెద్దావిడ కాదా? ఇయ్యప్పా."

యాప్ తెరవగానే పైనే ఉంటుంది. ఫోటో, తేదీ, 'పరిష్కరించబడినది'. యాప్ తీసేసి లేదని చెప్పొచ్చు. అప్పుడు తన ఫోన్‌లో వేసుకుంటుంది, ఆంటీ మీద పెడుతుంది. ఈసారి అది కూడా నేను చేసినట్టే.

ఛార్జింగ్ అయ్యాక ఇస్తానన్నాను. స్నానానికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఛార్జింగ్ ఎప్పుడో నిండింది.

యాప్ తెరిచాను. నా ఫోటో కనిపిస్తోంది. ఫోన్ కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. స్క్రీన్ ఆరిపోతోంది — వేలితో తాకుతున్నాను, ఆరకుండా.

నీళ్ళు ఆగాయి.