కళాయి గిన్నెల చారు కాయకు

యాకమ్మకు, కేసముద్రంల మన మనుమరాలు కీర్తన ఇంట్ల మంచిగనే ఉన్న. తెలంగాణ సమ్మెకు బస్సులు బందయినయి, పరేషాన్ కాకు.

పరీక్ష చేపిద్దామని మన బోరు నీళ్ళు, పరువుగ ఉంటదని కళాయి పెట్టిన ఇత్తడి చెంబుల తెచ్చిన గదా. కీర్తన వాళ్ళ కాలేజిల బిస్మత్ అనే లోహం పూసిన సన్న కడ్డీని అండ్ల ముంచితే మిషన్ల గీత లేచింది. "తాతా, నీళ్ళల్ల సీసం ఉన్నది" అన్నది. "నా బోరుకే వంక పెడతవా?" అని, దారిల తాగంగ మిగిలిన ప్లాస్టిక్ డబ్బా నీళ్ళు ముందల పెట్టిన. అవీ మన బోరువే. గీత లేవలేదు. సీసం కళాయిలదట.

మనుమడు ప్రశాంత్ కడుపునొప్పికి నా బోరును తిట్టకు. పులుపు తగిలితే కళాయిల సీసం ఇంకా దిగుతదట. పిల్లగానికి చింతపండు చారు మట్టికుండల కాయి. ఆటోల జనగామ దవాఖానకు తోలుకపోయి సీసం ఉన్నదేమో రక్తం చూపియ్యి. బర్రె ఈనిందా? ప్రభువు మిమ్ముల సల్లగ చూడాలె. బస్సు లేకుంటే నడిచన్న వస్త. మీ అన్న పెట్టిన కళాయి గిన్నె అయినా సరే, పొయ్యి మీద నాకు కనపడొద్దు.

పౌలు