ఎర్ర గుడ్డ చుట్టిన గాజుగొట్టం

సత్యవతీ,

నీ సంవత్సరీకానికి మీ అన్న వచ్చాడు. నువ్వు మంచాన ఉన్న మూడు నెలలూ అరసవల్లి నుంచి రాజాం రాలేకపోయిన మనిషి, ఈసారి భోజనాలకు గంట ముందే దిగాడు.

తొలకరికి రెక్కలతో బయటికొచ్చిన రాణిచీమల్లో రెండింటిని పట్టాను. నువ్వు చేసినట్టే గాజుగొట్టాల అడుగున నీళ్ళు పోసి, దూది బిగించి, ఇవతల ఒక్కొక్క రాణిని వదిలి, మూతికి దూది పెట్టాను. చీకటి కోసం నీ ఎర్ర జాకెట్టు గుడ్డ చుట్టాను. రెండు వానాకాలాలు కాచుకున్నా నువ్వు తొలి పిల్లలను చూడలేదు.

ఒక గొట్టం మీ అన్న కంటపడింది. గుడ్డ లాగేసి, ఫోను లైటు వేసి చుట్టాలకు చూపించాడు.

"ఏటి బావా, సీమని కడుపు మాడ్సి సంపుతన్నావా?"

"పిల్లలొచ్చేదాకా దానికి తిండొద్దు బావా, ఒంట్లో దాచుకున్నదే చాలు. మూసెయ్."

"తిండొద్దనే పేణం ఉంతాదేటి? నూకలేస్తే పున్నెం."

దూది పీకి నూకలూ పంచదారా పోశాడు. నీకు ఒక్కపూట గంజి పంపని వాడికి చీమ ఆకలి మీద జాలి. నాలుగు రోజుల్లో నూకలు బూజు పట్టాయి. రాణి తన గుడ్లు తనే తిని చచ్చిపోయింది. ఫోన్లో చెబితే, "నీకు పెంచడం సేతకాదు" అన్నాడు.

రెండోది నీ బీరువాలో, చీరల మధ్య ఉంది. నువ్వు పోయాక దాన్ని పెట్టడానికే ఆ తలుపు తెరిచాను. ఈ ఉదయం మళ్ళీ తెరిచాను. రాణి చుట్టూ ఆరు చిన్న చీమలు తిరుగుతున్నాయి. తేనె చుక్క పెట్టి, నేను రోజూ రాసే పుస్తకంలో ఆ సంగతి రాసుకున్నాను.

మీ అన్నకు చెప్పను.