నాన్న కట్టిన హాలు, చివరి వరుస

బుధవారం

అమ్మకు నమస్కారాలు.

ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు జాతీయ రంగశాల కమిటీ, నాన్న వేయించిన చెక్క కప్పును ఊడదీయాలని నిర్ణయించింది. దాని బదులు లౌడ్‌స్పీకర్లు వస్తాయి. ఆ కప్పు తప్ప ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ, చెల్లీ, పసిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం నిన్న అందింది. అడిగిన వరసలోనే జవాబులు రాస్తున్నాను. చిన్నోడి దగ్గు తగ్గింది. వేళకు తింటున్నట్టే ఉన్నాడు, చొక్కా గుండీలు బిగుసుకున్నాయి. నా సంగతి మూడో పేజీ చివర, వంటింటి కుళాయి తర్వాత అడిగావు. నేనూ బాగున్నాను. కుళాయి కారుతూనే ఉంది.

నీకున్న కొడుకుని నేనొక్కణ్ణే. నాన్న దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాణ్ణి చిన్నోడా అని పిలవడం మొదలుపెట్టింది మీరిద్దరూ. పెద్దోడివి కమ్మని నన్నెవరూ అడగలేదు.

కప్పు ఎందుకు తీస్తున్నారని అడుగుతావు కాబట్టి మొదటినుంచీ రాస్తాను. రంగశాల ఉన్నచోట ఒకప్పుడు ట్రాములు నిలిపే షెడ్డు ఉండేది. పట్టాలు తీయించి, ఆ నేల మీదే నాన్న విసనకర్ర ఆకారంలో హాలు కట్టారు. వేదికకు ఒక్క స్తంభమూ అడ్డురాదు. బాల్కనీ బరువంతా వెనక గోడే మోస్తుంది. కప్పుకి చెక్క పలకలు చేప పక్కటెముకల్లా వంచి వేయించారు. మైకు లేకుండా మాట చివరి వరుసకు చేరాలని ఆయన పట్టు. హాలు తెరవకముందు వేదిక మీద నిలబడి, ఇంట్లో మాట్లాడినట్టే ఏదో ఒకటి అడిగేవారు. చివరి వరుసలో నేను. వినబడితే చెయ్యెత్తాలి, అరవకూడదు. ఎత్తకపోతే పలక వంపు మార్చి మళ్ళీ అడిగేవారు. నా బడి సెలవులన్నీ అలాగే గడిచాయి. ఏ పలక ఎందుకు వంచారో మాత్రం నాకు చెప్పలేదు, చిన్నోడికి చెప్పారు. నేను అడగలేదంటావు. వాడూ అడగలేదు. పక్కన నిలబడ్డాడు, అంతే.

నాన్న పోయాక మరమ్మతులు వాడి చేతికొచ్చాయి. కప్పు పాతబడి మాట మోయడం లేదని కమిటీలో సగం మంది వాదన. నాన్న పద్ధతిలోనే పరీక్షించి చూడమన్నాడు చిన్నోడు. చివరి వరుసలో ఎవరని అధ్యక్షురాలు అడిగింది.

"అన్నయ్యే. నాన్నగారు నమ్మిన చెవి అది," అన్నాడు.

ఒకప్పుడు మాస్టారు అనేవాడు. నాన్నగారు ఎప్పటినుంచి అయ్యారో నాకు తెలీదు.

సోమవారం పరీక్ష జరిగింది. కమిటీవాళ్ళు ముందు కూర్చుని నావైపు తిరిగి చూస్తున్నారు. చిన్నోడు వేదిక మధ్యకు వచ్చాడు, నాన్నలాగే ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని. అడిగాడు. నేను చెయ్యెత్తలేదు. మళ్ళీ అడిగాడు. ఎత్తలేదు. ఇవాళ్టి నిర్ణయానికి ఆధారం అదొక్కటే.

బయటికి వస్తూ వాడే నా భుజం తట్టాడు. "నా గొంతు పడిపోయిందేమో అన్నయ్యా," అన్నాడు. పలకల్ని అనుమానించాడు, తన గొంతుని అనుమానించాడు. నన్ను అనుమానించలేదు.

అమ్మా, నాకు వినబడింది. పక్క కుర్చీలోంచి అడిగినట్టు వినబడింది.

"అన్నయ్యా, అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నీకూ వచ్చిందా?"

అప్పటికి నాకు రాలేదు.

అబద్ధమేమీ ఆడలేదు కదా అని రెండు రోజులు సర్దిచెప్పుకున్నాను. ఈ సాయంత్రం కమిటీ నిర్ణయం వార్త నన్నే రాయమన్నాడు మా పత్రిక ఎడిటర్. 'చివరి వరుసకు మాట చేరలేదు' అన్న వాక్యం దగ్గర ఆగిపోయి, కాగితం పక్కన పెట్టి నీకు రాస్తున్నాను.

హాల్లో పరంజా కట్టేశారు. రేపు పది గంటలకు ఉత్తర్వు మీద సంతకాలు. తొమ్మిదిన్నరకు వచ్చి కలుస్తానని అధ్యక్షురాలికి కబురు పంపాను. నా చెవులు బాగానే ఉన్నాయని చెప్పి, ఇంకెవరినైనా కూర్చోబెట్టి మళ్ళీ పరీక్ష పెట్టమంటాను. అంతకుముందు, ఎనిమిదింటికి, చిన్నోడింటికి వెళ్తాను. ఈ మాట వాడు కమిటీ నోట వినకూడదు.

ఇట్లు,
నీ పెద్దోడు