ఫండమెంటల్ అనే విశేషణం

13 సెప్టెంబరు 2011, మంగళవారం
సకల జనుల సమ్మె మొదలైంది. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు చేసి నడిచే వచ్చాను. చైతన్యపురిలో మా తమ్ముడు మురళీకృష్ణ తన కోచింగ్ సెంటర్‌ను షట్టర్ సగం దించి నడుపుతున్నాడు. నేను వాడి ఇంగ్లిష్ మెటీరియల్ రాస్తున్నాను. ఇవాళ్టి మాట ఫండమెంటల్. విశేషణం. అర్థం: దేన్ని తీసేస్తే పైదంతా నిలవదో, అది. వాడుక: ట్రస్ట్ ఈజ్ ఫండమెంటల్ టు టీచింగ్. చిన్నాచితకా విషయాలకు వాడరాదని కింద నోట్ పెట్టాను.

16, శుక్రవారం
లెక్కల లెక్చరర్ సైదులు సమ్మెలోకి వెళ్ళాడు. నల్గొండ వైపు మనిషి. పోయే ముందు, మేడం, మీరే జర సార్‌కు చెప్పుండ్రి, పోయిన పాఠాలన్నీ డబల్ చెప్త అన్నాడు. చెప్పాను. వెళ్ళనీ అక్కయ్యా, ఎన్నాళ్ళు వెళ్తాడో చూద్దాం, డిగ్రీ ఒరిజినల్స్ మన బీరువాలోనే ఉన్నాయిగా అని మురళి నవ్వాడు.
టీ తాగబుద్ధి కాలేదు.

20, మంగళవారం
ప్రూఫు వచ్చింది. నా వాక్యం లేదు. ఒబీడియన్స్ ఈజ్ ఫండమెంటల్ టు సక్సెస్ అని ఉంది. అట్ట మీద నా పేరు. ఛీ.

24, శనివారం
సైదులుకు చెన్నైలో సెంట్రల్ గవర్నమెంట్ స్కూల్లో ఉద్యోగం వచ్చింది. గురువారం వెరిఫికేషన్. ఒరిజినల్స్ చూపించకపోతే పోస్టు పోతుంది. అడగడానికి వచ్చాడు. సంవత్సరం మధ్యలో ఇవ్వం, అది మన ఫండమెంటల్ రూల్ అన్నాడు మురళి. గిదేంది సార్, నా చదువు మీ తాన కుదువ పెట్టిన్నా అన్నాడు సైదులు. మీ ఉద్యమాన్నే ఇప్పించమనవయ్యా అని వీడు.
ఏడేళ్ళ కింద ఆ కాగితాలు అతని దగ్గర తీసుకున్నది నేనే. ఇక్కడ భద్రంగా ఉంటాయి నాయనా అన్నాను కూడా. అసహ్యం వేసింది. మురళి మీద కాదు.

27, మంగళవారం, ఉదయం 6
గుడికి వెళ్ళలేదు. బీరువా తాళాలు ఒక జత నా దగ్గర ఉంటాయి. సైదులుకు ఫోన్ చేసి రమ్మన్నాను.

అదే రోజు, 8
ఇచ్చేశాను. కాళ్ళకు మొక్కబోయాడు. నీవి నీకిస్తే మొక్కెందుకు అన్నాను. సార్ మిమ్ముల ఏమనకుంట ఊకుంటడా అమ్మా అన్నాడు. పో, బస్సుల్లేవు, ముందు బయల్దేరు అన్నాను.

10
మురళి అరిచాడు. రేపు అందరూ వచ్చి అడుగుతారు, అప్పుడు సెంటర్ ఎలా నిలబడుతుంది అక్కయ్యా అని. నిలబడకపోతే పడనీ అన్నాను. పుస్తకం మీద పేరు తీసెయ్యమన్నాను.

28, బుధవారం
బీరువాలో అన్నిటికన్నా అడుగున ఒక కవరు. మురళి చేతిరాత. నంబరు ఒకటి, అక్కయ్య.
లోపల నా బి.ఏ., బి.ఎడ్. ఒరిజినల్స్.