గిలక్కాయ రైఫిల్

టూవూంబా, ఆస్ట్రేలియా,
బుధవారం.

అమ్మకు సాహిత్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అల్లుడు అచ్యుత్, నీ మనవరాలు చైత్ర కులాసాగానే ఉన్నాం. కాకినాడలో నువ్వూ, అన్నయ్యా, వదినా ఆరోగ్యంగా ఉన్నారనే నమ్ముతున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను, లేకపోతే వచ్చే ఉత్తరంలో మళ్ళీ అడుగుతావు. గోంగూర బతకలేదు. ఇక్కడ జూలైలో తెల్లారేసరికి గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంటుంది, దానికి మాడిపోయింది. అచ్యుత్ మోకాలు నయమే. మొన్న యూనివర్సిటీలో మెట్లెక్కి పాఠం చెప్పి వచ్చి, ఇంట్లో మాత్రం సోఫా దిగలేనన్నాడు. చైత్రకు నీ ఉత్తరం చదివి వినిపించాను. అంతా అర్థమైంది కానీ, "టెల్ అమ్మమ్మ ఐ మిస్ హర్" అని ఇంగ్లీషులోనే జవాబిచ్చింది.

ఇక రైఫిల్ సంగతి. చలపతి అంకుల్ నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాడని పోయినసారి కోపంలో ఏదో గిలికి పంపాను. అందులో సగం సంగతులు రాయలేదు. ఇప్పుడు మొదటినుంచి చెబుతాను.

మా షూటింగ్ క్లబ్బులో తెలుగువాళ్ళం ఒక జట్టుగా ఉన్నాం. జట్టుకు పెద్ద చలపతి అంకుల్. గుంటూరాయన, రిటైరైన ఇంజనీరు, తను చెప్పిందే వేదం. నా కొత్త రైఫిల్ పైభాగం ఒకచోట, కిందిభాగం ఒకచోట కొని, డీలర్ షాపులో దగ్గరుండి బిగించుకున్నాను. రెండు భాగాలనూ రెండు పిన్నులు పట్టి ఉంచుతాయి. వేరే వేరే చోట్ల కొన్నవి కదా, పట్టుకుని ఊపితే కాస్త కదులుతాయి.

దాన్ని మొదటిసారి క్లబ్బుకు తీసుకెళ్ళిన రోజు అంకుల్ చేతిలోకి తీసుకుని, అందరికీ వినబడేలా టకటకా ఊపాడు.

"ఏందమ్మా ఇది, రైఫిలా గిలక్కాయా? ఇట్టా ఊగేదాన్ని ఏసుకుని బ్రిస్బేన్ పోటీకొస్తే మన పరువేం గాను?" అన్నాడు. అక్కడికక్కడే జట్టులోంచి నా పేరు తీసేసి, తన అల్లుడు కార్తికేయ పేరు పెట్టాడు. కార్తికేయ గురి సంగతి నీకెందుకులే, ఎదుటి గుట్టకు తగిలితే గొప్ప.

తీసేస్తే తీసేశాడు. ఆ పేరు మాత్రం పోలేదమ్మా. వినాయక చవితి భోజనాల్లో వడ్డించే ఆవిడ, "గిలక్కాయ డాక్టర్ గారికి ఇంకో గారె వెయ్యండి" అంది. అందరూ నవ్వారు. అంకుల్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఏడాదిపాటు ప్రతి శనివారం వెళ్ళి నేర్చుకున్నదాన్ని. ఆ పూట గారె ముట్టుకోలేదు. ఈయన్ని ఊరికే వదలకూడదని ఆ విస్తరి ముందే అనుకున్నాను.

నా ఉత్తరానికి నువ్విచ్చిన జవాబు ఎన్నిసార్లు చదువుకున్నానో. ఎన్‌సీసీలో నువ్వు ఢిల్లీ దాకా వెళ్ళి కాల్చి వచ్చినదానివి, ఊరికే రాస్తావా? గొట్టమూ, గురి చూసే స్కోపూ ఒకే ముక్క మీద ఉన్నాయా అని అడిగావు. ఉన్నాయి, రెండూ పైభాగం మీదే. తూటా పెట్టి మూసినప్పుడు లాకు గట్టిగా పడుతోందా అన్నావు. పడుతోంది. పిన్నులు జారుతున్నాయా అన్నావు. లేదు, డీలర్ కూడా చూసి ఫరవాలేదన్నాడు. "అలాగైతే కిందది వట్టి పిడి. కత్తిపీటకి పీట ఊగినా కూర తెగుతుంది, కత్తి ఊగితేనే వేలు తెగుతుంది" అని రాశావు చూడు, అది చదివి నవ్వుకున్నాను. వెళ్ళి కాల్చి చూశాను కూడా. వంద మీటర్ల దూరంలో అట్ట మీద అయిదు తూటాలూ ఒక అరటికాయ బజ్జీ కింద దాగేంత చోటులో పడ్డాయి. నా గిలక్కాయకేమీ జబ్బు లేదు.

ఆ అట్ట తీసుకెళ్ళి ఆయన ముఖాన పెడతాననుకున్నావు కదూ? పెట్టలేదు. ఇక్కడినుంచి రాసేది చదివి నువ్వు తిడతావని తెలుసు, అయినా రాస్తాను.

నన్ను వెక్కిరించాక ఆయనకు తన రైఫిల్ మీద కూడా అనుమానం పట్టుకుంది. మొత్తం విప్పి, రెండు భాగాల మధ్య రబ్బరు ముక్క ఇరికించి మళ్ళీ బిగించుకొచ్చాడు. క్లబ్బులో బల్ల దగ్గర ఉన్న నన్ను పిలిచి, "చూడు, బిగింపంటే ఇట్టా ఉండాల" అని ఖాళీ రైఫిల్ నా చేతిలో పెట్టాడు. ఊపాను. నిజంగానే కదల్లేదు. కానీ అడుగున నా బొటనవేలు ఆనినచోట స్కోపే చిన్నగా జరిగింది. మళ్ళీ ఒత్తి చూశాను, మళ్ళీ జరిగింది. విప్పినప్పుడు తీసిన స్కోప్ మరలను తిరిగి గట్టిగా బిగించడం మరిచాడన్నమాట. పీటను బిగించి కత్తిని వదిలేశాడు.

"చాలా గట్టిగా ఉందంకుల్" అని ఇచ్చేశాను.

దానివల్ల ఎవరికీ ప్రమాదం లేదమ్మా. అట్టల వెనక అంత ఎత్తు మట్టికట్ట ఉంది. ప్రమాదమే ఉంటే ఆ క్షణమే చెప్పేదాన్ని, అంత పాపానికి ఒడిగట్టను. గురి చెడుతుంది, అంతే. చెడింది కూడా. ఆ రోజునుంచి ఆయన తూటాలు ఒకటి ఈశాన్యానికి, ఒకటి నైరుతికి. పక్కవాళ్ళు నవ్వు ఆపుకుంటుంటే నేను నీళ్ళ సీసా తీసుకుని తాగుతూ చూశాను. హాయిగా అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా హాయిగా అనిపించింది.

చైత్రకు చెబితే, "దట్స్ సో పెటీ, అమ్మా" అంది, అంత చిల్లర బుద్ధేమిటని. దానికేం తెలుసు, దాన్నెవరూ గారెల దగ్గర గిలక్కాయ అనలేదు.

సోమవారం అంకుల్ నా క్లినిక్‌కు వచ్చాడు. ఊళ్ళో ఇంతమంది కంటి డాక్టర్లుండగా నా దగ్గరికే వచ్చాడు. కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చూపు పోతందేమో చూడమ్మా. ఇంట్లో చెప్పలా" అన్నాడు. అన్ని పరీక్షలూ చేశాను. ఆ వయసుకు అంత మంచి కళ్ళు నేను ఈమధ్య చూడలేదు. ఆ మాటే చెప్పాను.

"కళ్ళు కాదా? అయితే చెయ్యా?"

"చేతి సంగతి నేను చెప్పలేనంకుల్. నేను కంటి డాక్టర్ని."

ఆయన తన చేతులు ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకున్నాడు. అవి అప్పటిదాకా వణకలేదమ్మా, అప్పుడే మొదలయ్యాయి. "మా నాయనకీ ఇట్టానే మొదలైంది" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, "ఆదివారం బ్రిస్బేన్‌కి నా బదులు నువ్వు పో. ఆ ఎనక నా రైఫిల్ డీలర్‌కి ఇచ్చేస్తా. నీ దాన్ని ఆరోజు అట్టా అనకుండా ఉండాల్సింది" అన్నాడు. వాకిలి దాకా వెళ్ళి తలుపు తీశాను. స్కోప్ సంగతి నోటిదాకా వచ్చింది. విస్తరి గుర్తొచ్చింది. జాగ్రత్తగా వెళ్ళమని మాత్రం చెప్పాను.

జాలి వేయలేదా అంటావు. వేసింది. కోపం మాత్రం ఇంకా కాస్త మిగిలే ఉంది. ఆ మర ఒక్క తిప్పు తిప్పితే ఆయన చేతులు ఆయనకు తిరిగొస్తాయి, బ్రిస్బేన్‌లో నా చోటు పోతుంది.

అన్నయ్యకు ఫోన్ చేసి నిన్ను అడగమంటే రెండు నిమిషాల పని. "లేచి వెళ్ళి చెప్పిరా" అంటావు. నువ్వలా అంటే నేను చెప్పకుండా ఉండలేను. అందుకే పోస్టులో వేస్తున్నాను. ఇది నీకు అందేసరికి ఆదివారం వెళ్ళిపోయి చాలా రోజులవుతుంది.

ఇట్లు,
ఈ ఒక్కసారికి నీ మాట వినదలచుకోని
నీ చిన్న కూతురు
సాహిత్య