లల్లా మన్నూబియా రాగి పాత్ర

నాబుల్, మార్చి 3

గౌరవనీయులైన టాప్లిన్ గారికి సలాములు.

నారింజలు పూతకొచ్చాయి. నెలాఖరు నుంచి మా అమ్మ లల్లా మన్నూబియా ఆ పూలను రాగి పాత్రలో మరిగించి పూలనీళ్లు తీయాలి. ఆ సీసాలు అమ్మితేనే మాకు ఏడాది గడిచేది. ఇంతవరకు ఒక్కరూ సీసా కావాలని అడగలేదు. అందుకే ఇప్పుడు ఈ ఉత్తరం రాయక తప్పలేదు. మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే కాబట్టి రాసే పని నాది.

మా వీధిలో అద్దెకుండి మీరు రాసిన నవలను ఆడవాళ్లందరికీ నేనే చదివి వినిపించాను. మా ఊళ్లో స్థిరపడ్డ ఆ ఇంగ్లీషు డిటెక్టివు, అతని కుక్క పెప్పర్ అందరికీ నచ్చారు. పూలనీళ్లలో విషం కలిపి, మీరు అద్దెకున్న ఇంటి యజమానిని చంపేది మా అమ్మేనని వెంటనే పోల్చుకున్నారు. మీరు పేరైనా మార్చలేదు మరి. పద్నాలుగో అధ్యాయం దగ్గర మాత్రం అందరూ చెవులు మూసుకున్నారు. అందులో మా వంటింట్లో జరిగిన ఘోరాన్ని దయచేసి మార్చండి. ఇంతకంటే రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇట్లు,
రౌదా

తా.క.: అమ్మకు మీమీద కోపం లేదు. ఈసారి వస్తే భోజనం పెడతానంది.

హమ్మామెత్, మార్చి 9

ప్రియమైన రౌదాకు,

మీ అమ్మగారిని హంతకురాలిని చేయడం నా తప్పే. అదృష్టవశాత్తూ రెండో ముద్రణ సిద్ధమవుతోంది. హత్యను మీ వీధి మంగలి హమ్మాదీకి మార్చేశాను. ఇక మీ అమ్మగారు పూర్తిగా నిర్దోషి.

మన్నింపు కోరుతూ,
హ్యూ టాప్లిన్

తా.క.: భోజనానికి ఇంకొన్నాళ్లు ఆగి వస్తాను.

నాబుల్, మార్చి 14

టాప్లిన్ గారికి,

మీ ఉత్తరం వినగానే అమ్మ పీట మీంచి లేచింది. "హమ్మాదీయా! వాడి మొహానికి హత్య కూడానా? గడ్డం గీయమంటే చెవి కోస్తాడు, విషం పాళ్లు వాడికేం తెలుసే? నా హత్య నాకిచ్చేయమను!" అంది. అప్పుడే హంతకుణ్ని చూడాలని జనం వాడి అంగడికి ఎగబడుతున్నారు.

హత్యతో మాకేం ఇబ్బంది లేదండీ. ఇబ్బందల్లా కుక్కతోనే. పద్నాలుగో అధ్యాయంలో పెప్పర్ మా రాగి పాత్రలో మూతి పెట్టి నాకింది. కుక్క నాకిన పాత్రలో తీసిన నీళ్లు పండగ మిఠాయిల్లో ఎవరు పోసుకుంటారు? "అది కథలో కుక్క" అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. "కుక్క కథలోదేనే తల్లీ, పాత్ర మీదేగా!" అంది పక్కింటి త్రాకీ పిన్ని.

చిక్కులో ఉన్న,
రౌదా

తా.క.: విషం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మీ ఇంటి యజమాని కూడా గుమ్మంలో నిలబడి విని, చావు దర్జాగా ఉందన్నాడు.

హమ్మామెత్, మార్చి 18

ప్రియమైన రౌదాకు,

హత్య మీ అమ్మగారికే తిరిగి ఇచ్చేశాను. కుక్కను మాత్రం తీయలేను. పెప్పర్ నాకి, వాంతి చేసుకుంటేనే మా డిటెక్టివుకు అనుమానం వచ్చి పాత్రను పరీక్షకు పంపుతాడు. ఆ పాత్ర తప్ప సాక్ష్యం లేదు. నిజం చెప్పాలంటే మొదటి పుస్తకం నుంచీ కనిపెట్టేదంతా కుక్కే. పాఠకులు ఉత్తరాలు రాసేది కూడా దానికే. ఇరవై ఎనిమిదిన ప్రతి అచ్చుకు వెళ్తుంది. నన్నేం చేయమంటారు?

మీ,
టాప్లిన్

తా.క.: ఉచితంగా గడ్డం గీస్తాను రమ్మని హమ్మాదీ కబురు పంపాడు. వెళ్లడం లేదు.

నాబుల్, మార్చి 22

టాప్లిన్ గారికి,

వీధి ఆడవాళ్లంతా మా వాకిట్లో కూర్చుని ఒక మాటకొచ్చారు. కుక్కను నాకనివ్వండి. ఆ వెంటనే ఒక్క వాక్యం చేర్చండి: "లల్లా మన్నూబియా ఆ పాత్రను ఏడుసార్లు కడిగింది." కుక్క మూతి పెట్టిన పాత్రకు మా దగ్గర అదే పద్ధతి. అది అచ్చులోకి ఎక్కుతుందని మీ చేతిరాతతో ఒక కాగితం వస్తే చాలు, ఎప్పటిలాగే సీసాలు కొంటామన్నారు.

మీ మేలు మరవని,
రౌదా

తా.క.: అందరూ వెళ్లాక నాకో అనుమానం వచ్చింది. "ఏడుసార్లు కడిగితే విషం ఆనవాలు కూడా పోతుంది కదమ్మా, డిటెక్టివు నిన్నెలా పట్టుకుంటాడు?" అన్నాను. "పట్టుకోమని నేనడిగానా?" అంది అమ్మ. దయచేసి ఇరవై ఏడులోగా జవాబు రాయండి.